దెయ్యానికి తొంభై ఒక్క మార్కులు

మార్చి 4

మధ్యాహ్నం టీవీలో పాడుబడ్డ ఆసుపత్రి సినిమా. పిట్టకి ఈ రోజు స్టూడియో లేదు కనక ఇద్దరం మొదటినుంచి చివరిదాకా చూశాం. కథకి నలభై, ఫోటోగ్రఫీకి అరవై, దెయ్యానికి పదకొండు. దెయ్యం తప్పింది.

మూతబడిన ఆసుపత్రిలో తలుపులు అలా కిర్రుమనవు, తుప్పు పట్టి అసలు తెరుచుకోవు. కనుబొమ్మల హీరో భయాన్నీ ప్రేమనీ ఆకలినీ కనుబొమ్మలతోనే చూపిస్తాడు. మూడింటికీ ఒకటే ఎత్తు. పోనీ, కుర్రాడు కష్టపడ్డాడు. దెయ్యం మాత్రం కనబడినప్పుడల్లా కీచుమని అరుస్తుంది. అరిచేవాళ్లకి ఎవరూ భయపడరు. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిపోయిన దాన్ని, ఒక్కసారీ గొంతు పెంచలేదు. గోల లేస్తే ఇంకా తగ్గించేదాన్ని. చివరి బెంచీకి వినబడాలంటే వాళ్లే ఊపిరి బిగబట్టాలి.

ఈ మాటే పిట్టతో అంటే, "ఏదీ, ఒకసారి అని చూపించు, క్లాసులో అన్నట్టు" అంది.

"తలుపు వేసి రా" అన్నాను.

పిట్ట లేచి వెళ్లి తలుపు వేసి వచ్చింది. వచ్చాక గాని నవ్వలేదు. వెయ్యాలని తను అనుకోలేదట, కాళ్లే లేచాయట. ఇన్నాళ్లూ భాష రాని హీరోయిన్లకి ఏడుపులూ అలకలూ డబ్బింగ్ చెప్పిన పిల్లకి ఇప్పుడు ఓ పెద్ద సినిమాలో దెయ్యం వేషం, అంటే దెయ్యం గొంతు, దొరికింది. డైరెక్టరు అరవమంటున్నాడట. తను అరవదట. నీ క్లాసు గొంతు నాకిస్తావా అమ్మమ్మా అని అడిగింది. తీసుకోమన్నాను.

మార్చి 9

ఏడున్నర సీరియల్‌లో అత్తగారు మళ్లీ మెట్ల మీంచి పడింది. ఈసారి తోసినవాళ్లు కూడా లేరు. ముప్పై రెండు.

మార్చి 17

పిట్ట అద్దం ముందు నిలబడి దెయ్యం మాటలు సాధన చేస్తోంది. వంటింట్లోంచి విన్నాను. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నా గొంతే, కాని నాకన్నా అడుగునుంచి వస్తోంది. ఆ అడుగున గరుకు కాగితం మీద చెయ్యి రాసినట్టు ఒక జీర. ఇంత చదివాను, ఇన్ని చూశాను, దెయ్యం ఇలా మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. తొంభై ఒకటి వేశాను. ఇంతవరకూ నా చేత తొంభై దాటించుకున్నవాళ్లు లేరు. పిట్ట నమ్మలేదు. రాసి చూపించమంది. చూపించాను.

అన్నం దగ్గర మా అమ్మాయి, పిట్ట తల్లి, ఆ జీర ఏమిటే, డాక్టర్‌కి చూపించుకో అంది. అమ్మాయి పనిచేసేది కళ్లజోళ్ల దుకాణంలో. పొద్దస్తమానం ఎవరికి ఏది తేడాగా ఉందో వెతకడమే పని, ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. "కావాలనే పెట్టానమ్మా, క్యారెక్టర్" అంది పిట్ట. కళ గురించి తెలియని వాళ్లు మాట్లాడకూడదని నేనూ అన్నాను.

అమ్మాయి కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.

మార్చి 26

డైరెక్టరు ముచ్చటపడ్డాడట. అరుపుల సంగతే ఎత్తడం లేదట. ఆ జీర ఎక్కడ దొరికిందమ్మా, పోగొట్టుకోకు, సినిమా అయ్యేదాకా అలాగే ఉంచు అన్నాడట. పిట్ట చల్లనీళ్లు తాగుతోంది, జీర ఉండాలని. నేనే ఫ్రిజ్‌లో సీసాలు పెడుతున్నాను.

ఏప్రిల్ 2

సీరియల్‌లో గాజుకళ్ల అమ్మాయి తండ్రిని నిలదీసే సన్నివేశం. రాసినవాడికి యాభై. గాజుకళ్ల అమ్మాయికి నటన రాకపోయినా పిట్ట గొంతు ఆమెని నాలుగేళ్లుగా గట్టెక్కిస్తోంది. ఇవాళ "నన్నెందుకు కన్నారు" అన్నచోట మాట మధ్యలో తెగింది. తీగ తెగినట్టు. తర్వాతి మాట పలచగా, ఇంకెవరిదోలా వచ్చింది.

సీరియల్‌లో దెయ్యం లేదు. అక్కడ ఇది క్యారెక్టర్ కాదు.

టీవీ స్పీకరు పోయినట్టుంది. మెకానిక్‌కి ఫోన్ చేశాను.

ఏప్రిల్ 4

మెకానిక్ వచ్చి వెనక రేకు విప్పి, దుమ్ము ఊది, స్పీకరు బంగారంలా ఉంది మామ్మగారూ అన్నాడు. వార్తలు పెట్టి వినిపించాడు. వార్తలు చదివే ఆయన గొంతు బాగానే ఉంది. ఈ కాలం మెకానిక్‌లకి చెవులు సరిగ్గా పనిచేయవు.

ఏప్రిల్ 5

టీవీని కిటికీ వైపు జరిపాను. గోడ వల్ల కావచ్చు.

ఏప్రిల్ 20

అద్దె పుస్తకాల షాపునుంచి తెచ్చిన భయానక నవల సగం అయింది. భార్య ఊరెళ్లి వస్తుంది. భర్తకి ఆమె ఆమె కాదని అనుమానం. రచయిత మొదటి అధ్యాయంలోనే ఆమెకి పచ్చటి కళ్లు పెట్టేశాడు. ఇక భయమెందుకు? పాఠకుడికి తెలిసిపోయాక కూడా పాత్రలకి తెలియకపోతే అది భయం కాదు, తెలివితక్కువతనం. ఎదురుగా ఉన్నది చూడరేం, చెవులు లేవా, కళ్లు లేవా అని...

పిట్ట నీళ్లు తాగుతూ పొలమారింది. చాలాసేపు దగ్గింది. వెళ్లి వీపు రాశాను.

ఉతికే బట్టల్లో పిట్ట రుమాలు. మూల మీద ఎర్రటి మరకలు. బీట్‌రూట్ ఏమైనా తిందేమో అనుకున్నాను. ఇంట్లోకి బీట్‌రూట్ తెచ్చి చాలా రోజులైంది. స్టూడియో దగ్గర తిని ఉంటుంది. చల్లటి నీళ్లలో నానబెట్టి, అమ్మాయి వచ్చేలోగా ఉతికి ఆరేశాను.

ఏప్రిల్ 29

ఏమీ చూడలేదు. రుమాళ్లు ఉతికాను.

మే 6

అమ్మాయి సెలవు పెట్టి, ఎవరినీ అడగకుండా, పిట్ట చెయ్యి పట్టుకుని గొంతు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. పోయిన వారమే అది. గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారట. నాకు చెప్పలేదు. ఫలితం ఇవాళ వస్తుందంటే నేనూ వెళ్లాను.

సినిమాల్లో డాక్టర్లు కిటికీ దగ్గరికి నడిచి, వీపు మనవైపు పెట్టి, కళ్లజోడు తీసి చెబుతారు. ఈవిడ కూర్చునే చెప్పింది. పిట్ట కళ్లలోకి చూస్తూనే చెప్పింది. ముక్కులోంచి కెమెరా పంపి తీసిన బొమ్మ తెర మీద ఉంది. స్వరపేటిక మీద గడ్డ. క్యాన్సర్. ఒక్క స్వరతంత్రి మీద ఉన్నప్పుడే వస్తే ఏదైనా మిగిలేది, ఇప్పుడు పక్కలకి పాకింది. స్వరపేటిక మొత్తం తీసేయాలి. మెడ దగ్గర రంధ్రం చేస్తారు, ఇక మీదట ఊపిరి అక్కణ్నుంచే. బొంగురు ఎన్నాళ్లనుంచి ఉందని అడిగింది. పిట్ట నా వైపు చూసింది. ఫిబ్రవరి నుంచి అని అమ్మాయి చెప్పింది.

ఫిబ్రవరి నుంచా?

మళ్లీ మాట్లాడగలనా అని పిట్ట అడిగింది. కొన్నాళ్లకి ఒక పరికరంతో నేర్పుతాం, మాట వస్తుంది, ఈ గొంతు మాత్రం రాదు అంది ఆవిడ. పిట్ట తల ఊపింది. లేచి, థాంక్యూ మేడమ్ అని సీరియల్‌లో గాజుకళ్ల అమ్మాయి గొంతుతో, శుభ్రంగా, ఒక్క జీర లేకుండా అంది. ఎలా అందో తెలియదు.

దారిలో అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మే 7

ఏమీ చూడలేదు.

మే 9

పిట్ట ఆపరేషన్ వద్దంటోంది.

అరిచి కాదు. నా క్లాసు గొంతుతోనే అంది. తెర మీద తను ఎక్కడా లేదట. ఫోటో లేదు, పేరు కూడా ఎవరూ వేయరు. ఉన్నదల్లా ఆ గొంతొక్కటే. అది కోసి పళ్లెంలో పెట్టాక మిగిలినదాన్ని ఏమని పిలుస్తారు అంది. అమ్మాయి కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. తండ్రి లేని పిల్లని ఇంతదాన్ని చేశానే అంది. పిట్ట గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ముందు దెయ్యం సినిమా పూర్తిచేస్తుందట. ఆ తర్వాత చూద్దామంటోంది. డాక్టర్ వచ్చే వారానికే మంచం రాసి పెట్టింది.

అమ్మాయి నాతో, "నీ మాటే వింటుంది. చెప్పు" అంది. ఈ రెండు మాటలే. మొహం చూడలేదు.

మే 11

పిట్టతో స్టూడియోకి వెళ్లాను. దాని గొంతు ఎన్నో ఏళ్లుగా వింటున్నాను, అది పుట్టే గది చూడటం ఇదే మొదలు. చీకటి గది, గోడలకి గుడ్డ తొడిగారు. ఒక మైకు, ఒక స్టాండు మీద కాగితాలు, ఎదురుగా తెర. అద్దానికి ఇవతల సౌండాయన, డైరెక్టరు, నేను. నన్ను చూసి సౌండాయన కుర్చీ వేశాడు.

తెర మీద దెయ్యం నోరు కదుపుతోంది, చప్పుడు లేదు. పిట్ట ఆ పెదవులకేసి చూస్తూ మాట అతికిస్తోంది. అది నోరు తెరవడానికి ఒక్క క్షణం ముందు ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరితోనే దెయ్యానికి ప్రాణం వస్తోంది. స్పీకర్లలోంచి నా గొంతు వచ్చింది. తలుపు వేసి రా అన్నది నేనే. సౌండాయన చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నాకు చూపించాడు, గర్వంగా.

చివరి సన్నివేశానికి డైరెక్టరు మనసు మార్చుకున్నాడు. ఒక్క అరుపు కావాలన్నాడు.

"అరవదు" అన్నాను.

"ఒక్కటేనమ్మా. ఇంత చేశాక ఆ ఒక్కటి లేకపోతే జనం ఊరుకోరు."

"అరవదని చెప్పాను."

డైరెక్టరు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. కావాలంటే వేరే ఎవరి అరుపైనా అతికించుకుంటామని గొణిగాడు. అద్దం అవతల పిట్టకి మా మాటలు వినబడవు, నా మొహం కనబడుతుంది. నవ్వింది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. పక్కన ఎవరిదో స్కూటరు స్టార్ట్ అవడం లేదు, ఆయన తన్నుతూనే ఉన్నాడు.

"విన్నావుగా. ఇప్పుడు చెప్పు, దీన్ని కోయించుకోమంటావా?" అంది పిట్ట.

"ఇన్ని దెయ్యాల కథలు చదివాను. అన్నిట్లోనూ ఉన్నది ఒకటే, మనిషి పోయాక మిగిలిన గొంతు. నాకది వద్దు. గొంతు పోయినా మనిషి కావాలి."

"డైలాగు బాగుంది. ఎవరు రాసిచ్చారు?"

నాకు కోపం వచ్చింది. తర్వాత ఏమైందో సరిగ్గా రాయాలి. దానికి ఇంకో మాట చెప్పాలనుకున్నాను. చెప్పాల్సినవి వరసగా పెట్టుకునే వచ్చాను, బడిలో తల్లిదండ్రుల సమావేశానికి పెట్టుకున్నట్టు. ఒక్కటీ నోటికి రాలేదు. "బతుకు పిట్టా. అడుగుతున్నాను" అన్నాను. ఎవరినీ ఏదీ అడిగిన అలవాటు లేదు, చెప్పడమే అలవాటు. గొంతు ఎటో పోయింది. స్కూటరాయన తన్నడం ఆపి మాకేసి చూశాడు.

పిట్ట లేచి నాకు చెయ్యి అందించింది. "లే, ఇంటికి పోదాం. అమ్మకి నేనే చెబుతాను" అంది.

మే 14

రేపు పొద్దున ఆపరేషన్. అమ్మాయి ఫోన్ తెచ్చి, ఏదైనా మాట్లాడవే, దాచుకుంటాం అంది. స్టూడియో అరల నిండా అదే ఉందిగా, మళ్లీ ఎందుకంది పిట్ట. సాయంత్రం ముగ్గురం ఒక చెత్త సినిమా చూశాం. కవల హీరోలు. ఒకడికి మీసం, ఇంకొకడికి లేదు, కన్నతల్లికి మాత్రం ఎవరు ఎవరో తెలియదు. పిట్ట రెండు పాత్రలకీ వెక్కిరింపుగా తనే మాటలు చెప్పింది, టీవీ గొంతు తగ్గించి. అమ్మాయి కూడా నవ్వింది. పిట్టకి తొంభై, సినిమాకి తొమ్మిది.

మే 15

ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర, స్ట్రెచర్ మీంచి: "రిమోటు సోఫా సందులో పడింది అమ్మమ్మా. ఇల్లంతా వెతుక్కోకు."

అంతే. తలుపు వేశారు.

మే 16

అయింది. కళ్లు తెరిచింది.

మే 21

సినిమాల్లో ఆపరేషన్ అయినవాళ్లు తల దువ్వుకుని, కాటుకతో లేస్తారు. రచయితలనీ డైరెక్టర్లనీ ఒక్కరోజు ఈ వార్డులో కూర్చోబెట్టాలి. గొట్టంలోంచి కఫం లాగే యంత్రం చప్పుడు ఏ భయానక చిత్రంలోనూ వినలేదు. పిట్ట మొహం వాచింది. నొప్పికి నోరు తెరిచి ఏడుస్తుంది. చప్పుడు రాదు. పక్కకి తిరిగి ఉంటే ఏడుస్తోందని తెలియదు కనక నేను మొహం వైపే కూర్చుంటున్నాను.

జూన్ 8

ఇంటికి తెచ్చాం. మెడకి పలచటి గుడ్డ. రోజుకి రెండుసార్లు గొట్టం శుభ్రం చేయడం నర్సు నాకు నేర్పింది. మళ్లీ పరీక్ష ఆగస్టులో. అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పరు.

పిట్ట ఫోన్‌లో టైపు చేసి చూపిస్తుంది. పరికరంతో మాట్లాడటం నేర్పేవాళ్ల దగ్గరికి రానంటోంది.

జూన్ 19

పెరట్లో బట్టలు తీస్తూ పిట్టా అని కేకేశాను. పలకలేదు. మళ్లీ కేకేశాను. పిలిస్తే పలకవేమే, చెవులు పనిచేయడం లేదా అని అరుస్తూ లోపలికి వచ్చాను. వంటింట్లో నిలబడి ఉంది. చేతులకి పిండి. రెండు చేతులూ నాకు చూపించింది, ఫోన్ ముట్టుకోలేనని.

జూన్ 20

అరిచాను. ముప్పై ఏళ్లలో అరవనిది.

జూలై 3

సౌండాయన పళ్లు పట్టుకుని వచ్చాడు. దెయ్యం సినిమా విడుదల వాయిదా పడిందట. సీరియల్ మాత్రం చిక్కుల్లో ఉంది. గాజుకళ్ల అమ్మాయికి కొత్త గొంతు పెడితే జనం ఒప్పుకోవడం లేదట. ఇప్పుడొక పద్ధతి వచ్చింది. పిట్ట పాత రికార్డింగులన్నీ కంప్యూటర్‌లో వేస్తే, ఏ మాట రాసిచ్చినా అచ్చం పిట్ట గొంతుతోనే చెబుతుందట. పిట్ట ఒప్పుకుంటేనే అన్నాడు. ఈసారి పేరు కూడా వేస్తారట.

కుదరదని నేను అంటూనే ఉన్నాను. పిట్ట అప్పటికే తల ఊపింది.

ఆయన వెళ్లాక గొడవ. ఒకవైపు నేను మాట్లాడుతుంటే ఒకవైపు అది టైపు చేస్తోంది. గొడవకి కూడా ఆగి ఆగి వంతులు. నా పాత్ర ఇంకో డబ్బింగ్ అమ్మాయి నోట్లోకి పోవడం కన్నా ఇది నయం అని రాసింది. నీకే లేని గొంతు యంత్రానికెందుకే అన్నాను.

అన్నాను. రాసి పెడుతున్నాను.

పిట్ట ఫోన్ బోర్లా పెట్టేసింది.

జూలై 5

ఫోన్ ఇంకా బోర్లానే ఉంది. గొట్టం శుభ్రం చేసేటప్పుడు మాత్రం గడ్డం పైకెత్తి కూర్చుంటుంది. కళ్లు మూసుకుని.

జూలై 12

అమ్మాయి మధ్యవర్తి. అది దాని గొంతు, ఎవరికివ్వాలో దానిష్టం, నువ్వెవరు అంది నన్ను. నిజానికి మే నుంచీ నన్ననాల్సిన మాట వేరే ఉంది. అది ఇప్పటికీ అనలేదు.

సాయంత్రం పిట్ట దగ్గరికి వెళ్లి, నీ ఇష్టం అన్నాను. ఫోన్ తిప్పి, "మార్కులు వేయాలి మరి. దయతలచకుండా" అని రాసింది.

జూలై 28

ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతిలో సీరియల్. అమ్మాయి దుకాణంనుంచి ఇంకా రాలేదు. పిట్టా నేనూ సోఫాలో కూర్చున్నాం. మొదట్లో పేర్లు పరుగెత్తాయి. పిట్ట పేరు వచ్చింది. ఇద్దరం చదివాం, అది అప్పటికే వెళ్లిపోయింది.

గాజుకళ్ల అమ్మాయి ఆసుపత్రి మంచం పక్కన నిలబడి తండ్రిని క్షమించే సన్నివేశం. పిట్ట గొంతు వచ్చింది. ఫిబ్రవరికి ముందరి గొంతు, గాజులా ఉంది. జీర లేదు. మాటకీ పెదవికీ వెంట్రుకవాసి తేడా లేదు. కోపం దగ్గర కోపం ఉంది, ఏడుపు దగ్గర వణుకు ఉంది. వంక పెట్టాలనే కూర్చున్నదాన్ని, వంక దొరకలేదు. డెబ్బై అయిదు, ఎనభై అని వేసుకుంటూ పోయాను. పిట్ట టీవీ చూడటం లేదు, నన్నే చూస్తోంది.

ఒక పొడుగు మాట వచ్చింది. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకున్నావు, జ్వరం వస్తే పక్కనే కూర్చున్నావు, అలాంటి నువ్వే అని మొదలుపెట్టి ఎక్కడికో పోయే మాట. అది ఆగకుండా, తడబడకుండా చివరిదాకా వెళ్లింది. ఏదో లోటు. ఏమిటో తెలియడానికి ఇంకో రెండు మాటలు పట్టింది.

"ఊపిరి తీసుకోవడం లేదు" అన్నాను.

పిట్ట ఈసారి టీవీ వైపు తిరిగింది. తల కొంచెం వంచి, స్టూడియోలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పటిలా వింది. గాజుకళ్ల అమ్మాయి మాట్లాడుతూనే ఉంది, మాట్లాడుతూనే ఉంది, ఎక్కడా ఒక్క గుక్క లేదు. పిట్ట రిమోటు తీసి చప్పుడు పూర్తిగా తగ్గించేసింది.

అప్పుడు వినబడింది. మెడ దగ్గరి గుడ్డ కింద గాలి లోపలికి, బయటికి. కొంచెం తడిగా, కొంచెం గరగరగా. సరిగ్గా రావాల్సిన చోటల్లా వస్తోంది.

తెర మీద పెదవులు కదులుతుంటే సీరియల్ అయిపోయేదాకా అలాగే కూర్చున్నాం. మార్కులు అడగలేదు. నేనూ వేయలేదు.